బీడు అడవైన కథ

పుష్యమాసంలో జన్నారానికి రెండు రకాల వాళ్లు వస్తారు. కరీంనగర్ నుంచో హైదరాబాద్ నుంచో కారులో దిగి, టికెట్ తీసుకుని, సఫారీ బండెక్కి కవ్వాల్ పులుల అభయారణ్యంలోకి పోయేవాళ్లు ఒక రకం. మెస్రం వంశపు గోండులు రెండో రకం. తెల్ల ధోవతులు, తెల్ల తలపాగలు, కాళ్లకు చెప్పులుండవు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నుంచి ఊరూరా ఆగుతూ రోజుల తరబడి నడిచి, జన్నారం మండలం కలమడుగు దగ్గర గోదావరిలోని హస్తినమడుగు చేరుకుంటారు. అక్కడ ఝరి అనే పాత్రలో నీళ్లు ముంచి, దానికి తెల్లబట్ట చుట్టి, మళ్లీ నడిచే వెనక్కి పోతారు. పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో తమ ఇలవేల్పు నాగోబాకు జరిగే మహాపూజకు ఆ నీళ్లే కావాలి. బోరు నీళ్లు పనికిరావు. మొదటివాళ్లను మనం పర్యాటకులంటాం, రెండోవాళ్లను భక్తులంటాం. వాళ్లు చూసేది ప్రకృతి, వీళ్లు చేసేది సంస్కృతి అని రెండు గంపల్లో విడివిడిగా వేసేస్తాం. ఒక గంపను అటవీశాఖకు, ఇంకో గంపను గిరిజన సంక్షేమ శాఖకు ఎత్తిచ్చి చేతులు దులుపుకుంటాం. ఈ రెండు గంపల లెక్కే తప్పని నా వాదన. కవ్వాల్‌లో మనం టికెట్ కొని చూసేది మనిషి చెయ్యి పడని అడవి అనుకుంటాం. అందులో చాలా భాగం ఒకప్పుడు ఎవరో దున్నిన చేను, ఎవరో వదిలిన బీడు, ఎవరో మొక్కిన దేవర తావు. కాగితం మీద గీత గీసి దాన్ని అడవి అని రాసుకోవడానికి వందేళ్లు పట్టింది.

ముందు ఆ కాగితం ఏమంటుందో చూద్దాం. 1965లో కవ్వాల్ అభయారణ్యమైంది. 2012లో పులుల రిజర్వు అయింది. కోర్ ప్రాంతం 890 చదరపు కిలోమీటర్ల చిల్లర. బఫర్‌ను కలిపితే రెండు వేలు దాటుతుంది. టేకు, వెదురు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు. మధ్యలో కడెం వాగు. దుప్పులు, కణుజులు, అడవిదున్నలు. ఇదంతా నిజమే, కాదనేదేమీ లేదు. కానీ ఈ లెక్కకు వయసు అరవై ఏళ్లే. అసలు కవ్వాల్ అనేదే ఒక ఊరి పేరు. ఊరి పేరు పెట్టుకున్న అడవిని మనుషుల్లేని అడవి అని నమ్మడానికి కాస్త ప్రయత్నం కావాలి. గోదావరికి ఇవతలి ఒడ్డున ఉన్నవాళ్లం ఆ ప్రయత్నం ఎన్నో తరాలుగా చేస్తున్నాం. కరీంనగర్ బీడీల్లోకి వచ్చిన తునికాకు, నిర్మల్ బొమ్మకు పనికొచ్చే పొణికి కర్ర, బొగ్గుబావుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టిన దుంగలు, 1938లో మొదలైన సిర్పూర్ పేపర్ మిల్లుకు తరలిన వెదురు, ఇవన్నీ ఈ అడవుల సొత్తే. ఈ అడవి మైదానపు అంగడికి ఎన్నడూ దూరంగా లేదు. దూరమని అనుకున్నది మనమే.

ఇక్కడి మనుషుల గురించి చలామణిలో ఉన్న మాట ఒకటుంది: వీళ్లు వేటా దుంపలతో బతికిన అడవి మనుషులనీ, పొలం, పన్ను, పట్టా అనేవి వీళ్లకు తరువాత వచ్చినవనీ. చరిత్ర దీన్ని ఒప్పుకోదు. తమను తాము కోయతూర్ అని చెప్పుకునే ఈ గోండులు నాగలి పట్టిన రైతులు. వార్ధా నది అవతల చాందా రాజధానిగా గోండు రాజులు ఏలారు; ఇవతల సిర్పూర్‌లో, ఉట్నూరులో కోటలున్నాయి. మందమర్రి దగ్గర బొక్కలగుట్ట మీద గాంధారి కోట ఉంది, అక్కడి మైసమ్మకు నాయకపోడులు నేటికీ జాతర చేస్తారు. కొండ వాలుల్లో గొడ్డలీ గునపంతో పోడు కొట్టుకున్నది కొలాములు. వాళ్లకూ గోండులకూ ఉన్న సంబంధంలో ఒక విశేషముంది. స్థానిక దేవతలకు మొక్కాల్సి వచ్చినప్పుడు గోండులు కొలాము పూజారిని పిలుస్తారు. ఈ నేల దేవతలకు తమకంటే పాత పరిచయం కొలాములదేనని వాళ్ల ఒప్పుకోలు. రాజ్యమేలిన జాతి, రాజ్యం లేని జాతికి ఈ నేల మీద పెద్దరికం ఇవ్వడం మామూలు సంగతి కాదు. ఎవరు ముందు, ఎవరు వెనక అనే ప్రశ్నకు వాళ్ల ఆచారంలోనే జవాబుంది, ఏ సర్వే నంబరుతోనూ పనిలేకుండా.

గోండుల సేద్యంలోని ఒక పద్ధతి దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే కథ మలుపు తిరిగింది అక్కడే. గట్టు మీది ఎర్రటి తేలిక నేలలు రెండు మూడేళ్లు పంటలిచ్చి అలసిపోతాయి. ఎరువు లేని రోజుల్లో దానికి మందు విశ్రాంతి ఒక్కటే. చేను బీడు పెట్టి, పక్క తావు దున్నుకుని, మళ్లీ కొన్నేళ్లకు పాత చేనుకు తిరిగొచ్చేవాళ్లు. ఊరు కూడా అంతే. రోగమొచ్చినా, అపశకునాలు కనబడినా, నేల సత్తువ తగ్గినా గూడెం లేచి కొత్త తావుకు పోయేది. చాలాసార్లు పటేల్ పేరే ఊరి పేరయ్యేది కాబట్టి పటేల్ మారితే పేరూ మారేది. బీడు పెట్టిన చేలో రెండు వానలకే తుప్పలు లేస్తాయి, మోదుగు మొలుస్తుంది, టేకు పిలకలు వేస్తుంది. దున్నేవాడి కళ్లకు అది నిద్రపోతున్న చేను. గొలుసు పట్టుకొచ్చిన సర్వే ఉద్యోగికి అది అడవి. ఆ ఇద్దరిలో ఎవరి చూపు రికార్డుకెక్కుతుందో వేరే చెప్పాలా?

నిజాం సర్కారు ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అటవీ హద్దులు గట్టిగా గీయడం మొదలుపెట్టింది. టేకు విలువ తెలిసింది, రైలు వచ్చింది, బయటి నుంచి రైతులు, షావుకార్లు వచ్చారు. గోండుల్లో ఎక్కువమందికి పట్టాల్లేవు. శివాయి జమాబందీ కింద ఏడాదికోసారి శిస్తు కట్టి దున్నుకునేవాళ్లు. శిస్తు కట్టిన చేను మాత్రమే పటువారి లెక్కలో చేను. ఆ ఏడు బీడు పెట్టిన చేనుకు శిస్తు లేదు. శిస్తు లేదు కాబట్టి హక్కు లేదు. హక్కు లేని నేలలో తుప్పలుంటే అది అడవి. ఇలా మూడు మెట్లలో చేను చేజారిపోయింది. ఉట్నూరు ప్రాంతంలో ధనోరా అడవిని రిజర్వు చేసినప్పుడు గూడేలకు గూడేలు ఆ గీతల లోపల చిక్కుకుని ఖాళీ కావాల్సి వచ్చింది. పోడు మీద బతికే కొలాముల కష్టం ఇంకా ఎక్కువ. వాళ్ల కొండ వాలులన్నీ రిజర్వులోకి పోయాయి, కిందికి దిగుదామంటే నేల మిగల్లేదు. ఇందులో ఎవరి కుట్రా ఉండాల్సిన పనిలేదు. చదువుకున్న ఉద్యోగి, నిబంధన ప్రకారం, తన కంటికి కనిపించిందే రాశాడు. బీడు అంటే ఏమిటో అతనికి తెలియదు, అంతే. ఎవరి చెడ్డతనమూ లేకుండానే ఇంత అన్యాయం జరగగలదన్నదే ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా పట్టుకున్న సంగతి.

దీనికి ఎదురు నిలిచిన మనిషి పేరు మనకందరికీ తెలుసు. బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేల భూముల కోసం కుమ్రం భీం మొదట అర్జీలే పెట్టుకున్నాడు. అవి పారక తిరగబడి, 1940లో నిజాం పోలీసుల తుపాకులకు జోడేఘాట్‌లో బలయ్యాడు. ఆశ్వయుజ పౌర్ణమికి ఏటా వర్ధంతి జరుపుతారు. సర్కారు ఆ తుపాకులు దించాక, అసలు ఈ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలనుకుంది. ఆ పని చేసినవాడు వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రుదేశం మనిషిగా లెక్కకొచ్చి హైదరాబాద్ రాజ్యం దాటకుండా ఉండిపోయిన ఆయన, భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో మకాం పెట్టి గోండుల మధ్య బతికాడు. ఆయన రాసిన నివేదికల సారం ఒక్కటే: వీళ్లు అడవిని ఆక్రమించుకోలేదు, వీళ్ల సాగు మీదికే అడవి అనే మాట వచ్చి పడింది. ఆ మాటను సర్కారు పూర్తిగా కొట్టిపారేయలేదు. లావణి ఖాస్ నిబంధనల కింద 1940ల్లో ఆదిలాబాద్ జిల్లాలో దాదాపు 1,60,000 ఎకరాలకు పట్టాలిచ్చారు, లబ్ధి పొందిన ఆదివాసులు పదకొండు వేల పైమాటే. నా వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. అంత భూమిని తిరిగి ఇవ్వగలిగారంటే, దాన్ని తీసుకోవడమే పొరపాటని గీత గీసినవాళ్లే ఒప్పుకున్నట్టు.

పొరపాటు అక్కడితో ఆగలేదు. పట్టాల్లో చాలావరకు తరువాతి ముప్పై ఏళ్లలో అప్పుల కిందో, వలస వచ్చినవాళ్ల చేతుల్లోకో జారిపోయాయి. 1959 భూ బదలాయింపు నిబంధన, దాన్ని గట్టి చేసిన 1970 నాటి ఒకటవ నిబంధన (జనం నోట్లో అది ‘వన్ ఆఫ్ సెవెంటీ’) ఉండగానే ఇది జరిగింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు, ప్రభుత్వ లెక్క ప్రకారమే 13 మంది ఆదివాసులు చనిపోయారు. ఆ సభ పెట్టిందీ భూమి కోసమే. అదే దశాబ్దాల్లో పక్కనే అభయారణ్యం ఏర్పడి, దాని చట్టాలు బిగుసుకుంటూ వచ్చాయి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రమంతటా నాలుగు లక్షల ఎకరాల పైగా పోడు పట్టాలు పంచారు. 1940ల్లో ఒకసారి, 2023లో ఇంకోసారి, ప్రభుత్వమే వచ్చి ‘అడవి’ అని రాసుకున్నదాన్ని ‘చేను’ అని దిద్దింది. ఎన్నిసార్లు దిద్దినా మన పర్యాటక పటంలో మాత్రం అది మొదటి రోజు నుంచీ అడవిగానే ఉంది.

ఈ నేల మీద పొలాలే కాదు, దేవతల దారులు కూడా ఉన్నాయి. కేస్లాపూర్ జాతరనే దగ్గరగా చూద్దాం. పూజకు కావలసిన కొత్త కుండలు సిరికొండ కుమ్మరులు చేసివ్వాలి; గోండుల ఇలవేల్పుకు కుమ్మరి కుండ లేనిదే నైవేద్యం లేదు. మెస్రం వంశంలో ఇరవై రెండు తెగలున్నాయి కాబట్టి జాతరలో వంట కూడా ఇరవై రెండు పొయ్యిల మీదే. వేలమంది వచ్చినా పొయ్యిల లెక్క మారదు, వంతులు వేసుకుంటారు. ఆడబిడ్డలు, అల్లుళ్లు కోనేటి నీళ్లు తెచ్చి పుట్టమన్ను కలుపుతారు. ఆ ఏడు మెస్రం ఇళ్లకు వచ్చిన కొత్త కోడళ్లను తెల్ల చీరల్లో, మేలిముసుగుతో నాగోబా ముందుకు తెచ్చి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. అది అయ్యాకే ఆ పిల్ల మెస్రం మనిషి. అంటే ఈ జాతర పూజతో పాటు ఒక జనాభా రిజిస్టరు కూడా. దండారి పండుగ రోజుల్లో నెమలీకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ నర్తకులు దండేపల్లి మండలం గుడిరేవుకు పోయి గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకోను కొలుస్తారు. కెరమెరి మండలంలో మహారాష్ట్ర సరిహద్దు కొండల్లో జంగుబాయి గుహ ఉంది. కుంటాల జలపాతం దగ్గర సోమేశ్వరుడికి శివరాత్రి జాతర జరుగుతుంది. మనం మాత్రం ఆ జలపాతానికి శకుంతల పేరు తగిలించి, కాళిదాసు కాలానికి లాక్కెళ్లి ఫొటో దిగి వస్తాం. పక్కనున్నవాళ్ల దేవుణ్ని పట్టించుకోకుండా, ఎక్కడో ఉన్న నాటకం నుంచి నాయికను తెచ్చుకునే ఓపిక మనకే చెల్లింది.

సరిహద్దు దాటితే ఇదే కథ ఇంకా నిక్కచ్చిగా కనిపిస్తుంది. చంద్రపూర్ జిల్లాలోని తాడోబా 1955లోనే జాతీయ వనమైంది. ఇవాళ దేశంలోనే పులి బాగా కనబడే చోటుగా దానికి పేరు. ఆ పేరు తారు అనే గోండు దేవుడిది. పులితో పోరాడి చచ్చిపోయిన ఒక ఊరి పెద్ద, చెరువు గట్టు మీద దేవుడయ్యాడని అక్కడివాళ్లు చెబుతారు. పుష్యమాసంలో ఆయనకు జాతర జరిగేది. పులి చేతిలో పోయినవాడు దేవుడైతే, ఆ దేవుడి పేరు పులుల వనానికి వచ్చింది. ఆ వనానికి గేట్లు వచ్చాక ఆ దేవుడి దగ్గరికి పోవడానికి ఆయన జనానికే ఆంక్షలు వచ్చాయి. కవ్వాల్‌లో పులి కనబడాలంటే ఎక్కువగా ఆ తాడోబా వైపు నుంచే నడిచి రావాలి. పులి వచ్చే దారి గురించి మన దగ్గర పటాలున్నాయి, కెమెరాలున్నాయి. మెస్రం వాళ్లు నడిచే దారికి అలాంటి పటం ఏ శాఖా గీయలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం గట్టిగానే వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. గీతలు గీయకపోయి ఉంటే ఇవాళ అడవే ఉండేది కాదు. పోడు పేరుతో వేల ఎకరాలు నరికారు, కరెంటు తీగలతో పులులను చంపారు, ఇప్పపువ్వు ఏరడానికి చెట్ల కింద ఆకులకు నిప్పు పెడితే అడవులు అంటుకున్నాయి. కాబట్టి మనుషులను బయటికి పంపడమే దారి అంటారు. ఇందులో ప్రతి ముక్కా అబద్ధం కాదు. తీగలు పెట్టేవాళ్లున్నారు, నిప్పులూ నిజమే. కానీ లెక్క పూర్తిగా వేయాలి. ఏళ్ల తరబడి కూపులు పాడి టేకు కొట్టించిందీ, మిల్లుకు వెదురు తరలించిందీ గోండు గొడ్డలి కాదు. ఇంకా తిరుగులేని సాక్ష్యం పులే ఇచ్చింది. కవ్వాల్ కోర్ ప్రాంతంలో పులి స్థిరంగా కాపురం పెట్టడానికి ఏళ్లుగా వెనుకాడుతుంటే, ఊళ్లూ చేలూ ఉన్న కాగజ్‌నగర్ అడవుల్లో, రిజర్వు బయటే, తాడోబా వైపు నుంచి వచ్చిన ఆడపులి పిల్లల్ని పెట్టి పెంచుకుంది. పులికి కావలసింది మేతజంతువులు, నీళ్లు, రాకపోకలకు దారి. మనుషుల్లేని నేల ఒక్కటే చాలదని ఆ పులి మనకు చెప్పింది. ఈలోగా కోర్‌లోని కడెం మండలం మైసంపేట, రాంపూర్ గూడేలను పునరావాస కాలనీకి తరలించారు. చట్ట ప్రకారం స్వచ్ఛందంగానే, పరిహారంతోనే. తరలించిన గూడెం రెండు వానలకు ఏమవుతుందో ముందే చెప్పుకున్నాం: తుప్పలు, మోదుగు, టేకు పిలకలు. ఇరవై ఏళ్ల తరువాత వచ్చే పర్యాటకుడికి అది కూడా ఆదిమ అడవే.

ఇలాంటి చిక్కును ఇంకో దేశం ఎలా విప్పుకుందో చూడటం దండగ కాదు. ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఎర్ర ఇసుక ఎడారిలో ఉలురు అనే మహాశిల ఉంది. 1873లో ఒక తెల్ల సర్వేయరు దాన్ని చూసి ఎయర్స్ రాక్ అని పేరు పెట్టాడు. అంతకు ముందు వేల ఏళ్లుగా అనంగు జనానికి అది తాతల కథలు నిలిచిన తావు. 1958లో ఆదివాసుల రిజర్వు నుంచి ఆ ముక్కను కోసి జాతీయ వనం చేశారు. అనంగులను బయటికి పంపాక, వాళ్లు కాలం చూసి అక్కడక్కడా చిన్నచిన్న మంటలు పెట్టే అలవాటు ఆగిపోయింది. ఎండుగడ్డి పేరుకుపోయి 1976లో వచ్చిన మంటల్లో వనంలో ముప్పాతిక వంతు కాలిపోయింది. ఆ తరువాతే వాళ్ల మంటల విద్యను శాస్త్రజ్ఞులు నేర్చుకోవడం మొదలుపెట్టారు. 1985 అక్టోబర్ 26న ప్రభుత్వం ఆ నేలను అనంగులకు అప్పగించింది. వాళ్లు దాన్ని 99 ఏళ్ల కౌలుకు తిరిగి జాతీయ వనానికే ఇచ్చారు. నిర్వాహక మండలిలో ఎక్కువమంది వాళ్లే, టికెట్ల రాబడిలో వాళ్లకు వాటా ఉంది. మా తావు మీదికి ఎక్కొద్దని వాళ్లు దశాబ్దాలు అడిగాక, 2019 అక్టోబర్ 26న శిలనెక్కడం పూర్తిగా ఆపేశారు. యునెస్కో కూడా 1987లో దాన్ని ప్రకృతి సంపదగా గుర్తించి, 1994లో సంస్కృతి సంపదగా కూడా చేర్చింది. రెండు గంపలను ఒకటి చేయడానికి వాళ్లకు ఏడేళ్లు పట్టింది.

ఉలురును ఇక్కడికి తెచ్చి అతికించలేం అంటారు. నిజమే. అది జనం పలచగా ఉన్న ఎడారి. ఇక్కడ గోండులు, కొలాములు, నాయకపోడులు, తోటీలు, పర్ధాన్‌లు, వాళ్ల పక్కనే లంబాడాలు, మహారాష్ట్ర నుంచి వచ్చిన రైతులు, గోదావరి ఒడ్డు తెలుగువాళ్లు అందరూ ఉన్నారు. ఇందులో ఈ నేల ఎవరిదన్న తగువు ఇప్పటికే ఉంది. 1976లో లంబాడాలను తెలంగాణలో షెడ్యూల్డు తెగల్లో చేర్చినప్పటి నుంచీ అది ముదురుతూనే ఉంది. పైగా నేల చేతికొచ్చినంత మాత్రాన అనంగుల పేదరికం తీరలేదు. ఉలురు నీడన ఉన్న వాళ్ల ఊరు ముతిజులు ఇవాళ్టికీ కష్టాల్లోనే ఉంది. ఇదంతా ఒప్పుకుంటూనే నేననేది చిన్న మాట. మనకు కౌలు ఒప్పందం కనిపెట్టాల్సిన అవసరం లేదు, 2006 అటవీ హక్కుల చట్టంలోనే గ్రామసభకు సామూహిక అటవీ వనరుల మీద హక్కు ఉంది, వన్యప్రాణుల కోసం ఒక తావును మనుషుల్లేకుండా చేయాలంటే గ్రామసభ ఒప్పుకోలు కావాలనీ ఉంది. ఎవరి గ్రామసభ అన్న తగువు గ్రామసభలోనే తేలాలి. ఆ తగువు ఉంది కదా అని అసలు సభనే పక్కనపెడితే, తీర్పు చెప్పేవాడు మళ్లీ గొలుసు పట్టుకున్న ఉద్యోగే అవుతాడు.

ఆ పక్కనపెట్టడం ఎలా ఉంటుందో ఈమధ్యే చూశాం. తాడోబా, కవ్వాల్‌ల మధ్య పులుల దారిని కాపాడటానికి ఆసిఫాబాద్ అడవులను కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 2025 మే నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. పులుల దారి కాపాడాలన్న ఉద్దేశంలో తప్పు లేదు. దానికి పెట్టిన పేరు ‘కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు’. అటవీ హద్దులకు ఎదురు నిలిచి చనిపోయిన మనిషి పేరు కొత్త అటవీ హద్దుకు పెట్టారు. భీం వారసులే దాని మీద రోడ్డెక్కారు, బందులు చేశారు; జూలైలో ప్రభుత్వం జీవోను నిలిపివేసింది. జీవో రాసినవాళ్లకు చరిత్ర తెలియదని నేననను. తెలిసింది పేరు వరకే.

చివరగా వినిపించే అభ్యంతరం, బయటికి అంత గట్టిగా అనరు గాని అందరి మనసులో ఉండేది: వాళ్లు నడపగలరా? లెక్కలు, టికెట్లు, గైడ్లు, రోడ్లు, ఇవన్నీ గూడెం మనుషుల వల్ల అవుతాయా? మార్లవాయిలో 1940ల్లోనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం నడిచింది; అదే ఊరి కనకరాజుకు గుస్సాడీ నేర్పినందుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. హైమండార్ఫ్, బెట్టీల సమాధులు ఆ ఊళ్లోనే పక్కపక్కన ఉన్నాయి, ఏటా జనవరి 11న బెట్టీ వర్ధంతిని ఊరు మరవదు. ఎనభై ఏళ్ల కిందటి పరదేశి మేలును లెక్క తప్పకుండా గుర్తుపెట్టుకునే ఊరికి పర్యాటకుల లెక్క రాసుకోవడం చేతకాదా? ఇంకా అనుమానమున్నవాళ్లు ఈ పుష్యమాసంలో జన్నారంలో జీపు దిగాక కలమడుగు రేవు దాకా పోయి, అక్కడి నుంచి కేస్లాపూర్ వెళ్లి గుడి చూసి రండి. నల్లరాతితో చెక్కిన ఆ కొత్త గుడి 2022 డిసెంబర్‌లో పూర్తయింది. దానికైన ఐదు కోట్ల దాకా ఖర్చును మెస్రం కుటుంబాలు తమలో తాము చందాలు వేసుకుని పెట్టుకున్నాయి.